మంచం తేలిన కాలువ

టికెట్టు కొని చెరువులో తిరగడం నా జన్మలో అదే మొదలు. మా ఊరి పెద్దచెరువులో, హంస ఆకారంలో చేసిన ప్లాస్టిక్ పడవలో, ఒంటికి నారింజ రంగు జాకెట్టు కట్టించుకుని, పక్కన మనుమరాలిని కూర్చోబెట్టుకుని పెడల్ తొక్కాను. నా మోకాళ్ల సంగతి దేవుడికే ఎరుక, అయినా తొక్కాను. చెరువు చుట్టూ ఇనుప రెయిలింగు, దాని మీద రంగురంగుల బల్బులు, కట్ట మీద ఫోటోలు దిగడానికి తాటికాయంత అక్షరాల్లో ఊరి పేరు. హంస ఒక చుట్టు తిరిగి వచ్చింది. రెండో చుట్టులో నాకు అనుమానం పుట్టి, పడవలు చూసుకునే అతన్ని అడిగాను.

"నాయినా, మత్తడి దిక్కు కెళ్లి నీళ్లు ఎటు పోతున్నయి?"

"ఎటు పోవమ్మా, గిక్కడ్నే ఉంటయి. అటు దిక్కు మొత్తం బంద్ చేసిండ్రు" అన్నాడు, అదేదో గొప్ప సంగతి అయినట్టు.

చెరువంటే ఏమనుకున్నారు వీళ్లు? పశువులు తాగే తొట్టి అనుకున్నారా? పై చెరువు ఇచ్చింది తీసుకుని, తన కడుపు నిండినంక మిగిలింది మత్తడి, అంటే అలుగు, మీది నుంచి కింది చెరువుకు ఇచ్చేది చెరువు. ఇచ్చే దారి మూసేసి, ఉన్న నీళ్లలోనే గిరగిర తిప్పి, దానికి బోటింగు అని పేరు పెట్టారు. మనుమరాలు "అమ్మమ్మా, ఇంకో రౌండ్" అంటోంది. నాకు ఒళ్లు మండి దిగిపోయాను.

ఈ హంసల సంబడానికి నన్ను పిలిచింది మా తమ్ముడు. సొంత తమ్ముడు కాదు, మా పెదనాయిన కొడుకు. నాకంటే ఏడాది చిన్న. ఊళ్లో పెద్దమనిషి. ఏ పార్టీ గెలిచినా ముందు వరుసలో కుర్చీ దొరికే రకం. నేను టీచరు ఉద్యోగం అయిపోయి హన్మకొండలో ఉంటున్నాను. "అక్కా, మన చెరువును ఎట్ల చేసినమో జర వచ్చి సూసిపో" అని ఒకటే ఫోన్లు. వచ్చాను, చూశాను. చూసిన తర్వాత వాళ్ల ఇంటికి భోజనానికి పోబుద్ధి కాలేదు. మనుమరాలిని మరదలికి అప్పజెప్పి, రైసుమిల్లు వెనక మిట్ట మీద ఉండే నా చిన్ననాటి దోస్తును చూద్దామని నడిచాను.

ఆమె వాకిట్లో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. వెనక గోడ మీద ఎర్రరంగుతో పెద్ద గుర్తు, అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత. పక్కిళ్ల గోడల మీదా అదే గుర్తు.

"ఏందే గిది?" అన్నాను.

"కాలువల ఇల్లు కట్టిన్నట. కూలగొడ్తరట" అంది, చేతిలో పని ఆపకుండానే.

"ఏ కాలువ?"

"మనం పోయిన కాలువనే."

సంగతి ఇది. పోయిన వానకాలం అంగడిబజారులో నడుములోతు నీళ్లు నిలిచాయట. గోదాముల్లో వడ్లు మొలకలెత్తాయట. ఆఫీసర్లు వచ్చి, చెరువు నుంచి చెరువుకు పోయే పాత కాలువను మళ్లీ తవ్వి తీస్తామన్నారట. మంచి మాటే. మరి పాత కాలువ ఎక్కడుండేదో చూపించాలి కదా, ఊరి పెద్దమనుషులు చూపించారు. వాళ్లు చూపించిన గీత మత్తడి నుంచి రైసుమిల్లు దాకా తిన్నగా వచ్చి, అక్కడ మా తమ్ముడి ఫంక్షన్ హాలు కనబడగానే మర్యాదగా పక్కకు జరిగి, మిట్ట ఎక్కి, ఈ ఇళ్ల మీదుగా పోయి మళ్లీ అవతల దిగింది. నీళ్లు మిట్ట ఎక్కడం ఎక్కడైనా చూశామా, విన్నామా?

"ఫంక్షన్ హాల్ జాగల కాలువ ఎన్నడు లేకుండె అని మీ తమ్ముడు చెప్పిండు. రేపు పొద్దుగాల మీటింగు. గాడనే, మీ తమ్ముని హాల్లనే."

"వాడా? వాడు చెప్పిండా గా మాట?"

"నలుగుట్ల, అందరి ముంగటనే చెప్పిండు."

నాకు కాళ్ల నుంచి తల దాకా మంట లేచింది. ఊళ్లో ఇంకెవరు ఆ మాట అన్నా మర్చిపోయారేమో అనుకునేదాన్ని. వాడెట్లా అంటాడు? ఆ కాలువలో వాడు ప్రయాణం చేశాడు. ప్రయాణం ఏమిటి, సరిగ్గా ఆ ఫంక్షన్ హాలు ఉన్న జాగాలోనే చావబోయాడు.

మేం చిన్న తరగతులు దాటుతున్న రోజులు. ఆ ఏడు వానలు దంచి కొట్టాయి. ఒక పొద్దున "మత్తడి దుంకింది" అని వాడవాడలా కేకలు. చెరువు నిండి మత్తడి దుంకడమంటే మా ఊరికి పండుగల్లో పండుగ. ఆడవాళ్లు పసుపు కుంకుమ తీసుకుని పోయి నీళ్లకు మొక్కేవాళ్లు. కట్ట మైసమ్మకు కోడి తెగేది. మగవాళ్లు వలలు, లేనివాళ్లు పాత చీరలు అడ్డం పట్టి ఎగిరిపడే చేపలు పట్టేవాళ్లు. మధ్యాహ్నానికల్లా ఏ ఇంటి ముందు నుంచి నడిచినా చేపల పులుసు, కాలిన చింతపండు వాసన. రోజూ తిట్టుకునే తోడికోడళ్లు కూడా ఆ రోజు ఒకరింటికి ఒకరు గిన్నెలు పంపుకునేవాళ్లు.

మా అవ్వ, అంటే మా నాయిన తల్లి, కట్ట మీదికి పోతూ మమ్మల్ని గడప దగ్గర నిలబెట్టి చెప్పింది. "నీళ్లు కొత్తయి. కొత్త నీళ్లకు కండ్లు కనవడయి. ఒక్కలు కాలువ దిక్కు పోయిన్రో, కాళ్లిరగ్గొడ్త."

కాళ్లు విరగ్గొడతానన్న మనిషి వీధి మలుపు తిరిగిందో లేదో, దొడ్లో ఆరబెట్టిన ఆమె నులక మంచం నేను ఒక పక్క, తమ్ముడు ఒక పక్క ఎత్తాం.

మంచం ఒక్కటే అయితే మునుగుతుంది. పెద్దరోడ్డు మీద పంక్చరు దుకాణం వాళ్ల అబ్బాయి మా తరగతే. పంక్చరు వేసిన ట్యూబును నీళ్లలో ముంచి బుడగలు వస్తున్నాయో లేదో చూడాలి కదా. సైకిలు ట్యూబుకు తొట్టి చాలు, లారీ ట్యూబు తొట్టిలో పట్టదు. "కాలువల ముంచి సూసి తెస్త" అని వాళ్ల అబ్బకు చెప్పి రెండు లారీ ట్యూబులు దొర్లించుకుంటూ వచ్చాడు. అతను చెప్పింది అబద్ధమూ కాదు. ఆ ట్యూబుల్ని నీళ్లలో పరీక్షించినట్టు ఇంకెవరూ పరీక్షించి ఉండరు. ఇప్పుడతను లేడు. భివండిలో పనికి పోయి అక్కడే జబ్బుచేసి పోయాడు. ఉంటే ఈ కాలువ గొడవకు ఇనుప రాడ్డు పట్టుకుని వచ్చేవాడు.

నాలుగో మనిషి నా దోస్తు. కాలువ పక్క మిట్ట మీద వాళ్ల ఇల్లు. వాళ్లమ్మ నాట్లకు, కలుపుకు పోయేది, ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి పోయేది. మా నలుగురిలో ఈత వచ్చింది ఆ పిల్లకు ఒక్కదానికే. మంచం కింద తలాపు దిక్కు ఒక ట్యూబు, కాళ్ల దిక్కు ఒక ట్యూబు పెట్టి పట్టెలకు చేదతాడుతో బిగించి కట్టింది కూడా ఆమే. మేం కట్టిన ముళ్లు విప్పి మళ్లీ కట్టింది.

మత్తడి కింద నీళ్లు నెమ్మదించే చోట మంచం దించాం. ముందు వెదురు గడతో పంక్చరు దుకాణం అబ్బాయి, వెనక ఇంకో గడతో నా దోస్తు, నడుమ నేనూ తమ్ముడూ, మా ఒళ్లో బట్టలో కట్టిన సర్వపిండి. మంచం ఒక్కసారి కిర్రుమని, కదిలింది. అబ్బ, ఆ కదలడం! కింద నులక సందుల్లోంచి చల్లటి నీళ్లు తగులుతుంటే కితకితలు పెట్టినట్టు ఉండేది. ఎవరూ తొక్కేది లేదు, టికెట్టు లేదు, జాకెట్టు లేదు. నీళ్లకు పోవాల్సిన ఊరు ఉంది, మమ్మల్ని తీసుకుపోతున్నాయి, అంతే.

ఊరిని రోడ్డు మీది నుంచి చూస్తే ఒకటి, కాలువలోంచి చూస్తే ఒకటి. అంగడిబజారు దుకాణాలు ముందర రంగులు వేసుకుని, వెనక సున్నం రాలిన గోడలతో ఉండేవి. వెనక అరుగుల మీద ఆడవాళ్లు బోళ్లు తోముతూ అత్తల మీద చెప్పుకునే మాటలన్నీ మా చెవిన పడ్డాయి. "ముసల్ది సావది, మంచం ఇడ్వది" అని ఒకామె అంటుండగానే మేం మంచం మీద ఆమె ముందు నుంచి పోయాం. నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది. ఇంకొంచెం ముందుకు పోతే మా లెక్కల సారు ఇల్లు. బెత్తం పట్టుకుంటే బడి బడంతా వణికేది ఆయనకు. ఆయన బనీనుతో కూర్చుని భార్య కాళ్లు పిసుకుతున్నాడు. మమ్మల్ని చూసి పిసకడం ఆపాడు. "ఎందుకు ఆపినవ్?" అని ఆమె గద్దించింది. మర్నాడు బడిలో ఆయన ముఖం చూసి మాకు నవ్వు ఆగలేదు. ఎందుకు నవ్వుతున్నారో అడగకుండానే కొట్టాడు పాపం.

నూనెమిల్లు దగ్గర వేడి పల్లిచెక్క వాసన కడుపులోకి పోయేది. అక్కడ పనిచేసే ఒక మామ మంచాన్ని చూసి, "ఏ ఊరు మోటరురా గిది?" అని నవ్వి, దోసెడు వేయించిన పల్లీలు విసిరాడు. సగం నీళ్ల పాలు, సగం మా పాలు. సర్వపిండిలో పల్లీలు నంజుకుని తిన్నాం. నువ్వులు, శనగపప్పు, మాడిన అంచు కరకర. ఇప్పుడు ఆ కాలువ మీద వరసగా సెల్‌ఫోన్ల దుకాణాలు. పోయిన వానకు వాటిలో చేపలు ఈదాయంటే ఏడుస్తున్నారు. చేపల తప్పేమీ లేదు, వాటి దారి అది.

తుంపర మొదలైంది. తమ్ముడికి చలి. వాడు చిన్నప్పుడు పుల్ల. మంచంతో పాటు ఎత్తుకొచ్చిన అవ్వ తెల్లదుప్పటి తీసి, కాళ్ల నుంచి తల మీది దాకా కప్పుకుని, వెల్లకిలా పడుకున్నాడు. ఆ ఊపుకు వాడికి నిద్ర కూడా పట్టింది. నేను వాడి తలాపున కూర్చున్నాను. వానకు నా జుట్టు విడిపోయి ముఖం మీద పడింది. ఇదంతా ఎట్లా కనిపిస్తుందో మాకేం తెలుసు?

అప్పట్లో దవాఖానకు పోయేవాళ్లు మంచం మీదే పోయేవాళ్లు. అక్కడ బతకకపోతే మంచం మీదే వచ్చేవాళ్లు. ముఖం మీది దాకా తెల్లగుడ్డ కప్పి ఉంటే ఇక అడగక్కర్లేదు. కాలువ కల్లు కాంపౌండు దగ్గరికి మలుపు తిరగ్గానే, ముంతలు పట్టుకుని కూర్చున్నవాళ్లంతా మమ్మల్ని చూసి ఒక్కసారి గమ్మున అయిపోయారు. ఒకతను లేచి తలకు చుట్టిన తువ్వాల తీశాడు. మిగతావాళ్లూ లేచారు.

"ఎవల పిలగాడు బిడ్డా?" అని ఒడ్డు మీది నుంచి ఒక ముసలమ్మ అడిగింది. ఊళ్లో ఎవరు పోయినా ముందు శోకం పెట్టే మనిషి ఆమె. ఆమె రాకపోతే చావు చావులా ఉండేది కాదు.

"మా తమ్ముడు" అన్నాను నేను. అడిగింది అదే కదా.

"అయ్యో కొడుకా! వానల పుట్టి వానల పోతివా కొడుకా! రోడ్లన్ని మునిగెనా, నిన్ను మోసే నలుగురు దొరకకపాయెనా, నీళ్ల మీద పోతున్నవా నా తండ్రీ!" అని రాగం ఎత్తుకుంది. పేరు తెలియదు, ఇల్లు తెలియదు, కానీ ఏడుపు నిజమైన ఏడుపు. కళ్ల నుంచి ధారలు కారుతున్నాయి. తాగినవాళ్లలో ఇద్దరు ముగ్గురు కూడా ముక్కులు చీదుకున్నారు. చావు పోతుంటే పేలాలు చల్లాలి కదా. ఒకాయన కల్లులోకి నంజుకుంటున్న ఉప్పుకారం పేలాలు గుప్పెడు తీసి, కళ్లు మూసుకుని, భక్తిగా మంచం మీదికి చల్లాడు.

కాసేపటికి తెల్లదుప్పటి కింది నుంచి ఒక చెయ్యి వచ్చింది. తడుముకుంటూ రెండు పేలాలు ఏరి మళ్లీ లోపలికి పోయింది. కరకర నమిలిన చప్పుడు వినిపించింది. ఇంకొన్నిటి కోసం చెయ్యి మళ్లీ వచ్చింది.

ముసలమ్మ రాగం మధ్యలో తెగింది. పేలాలు చల్లిన ఆయన ముంతతో సహా వెనక్కి పడ్డాడు. అంతలో మావాడు దుప్పటి తీసి లేచి కూర్చుని, "ఇంకిన్ని ఎయ్యి మామా" అన్నాడు. ఒకతను చెట్టు వెనక్కి ఉరికాడు. ముసలమ్మ తేరుకుని చెప్పు తీసి విసిరింది. "సచ్చినోడా! సావక ఏడిపిస్తవారా నన్ను! నా కన్నీళ్లు నాకియ్యిరా!" ఆమె తిట్లకు మా నవ్వు ఆగలేదు. నవ్వీ నవ్వీ నా దోస్తు చేతిలో గడ జారిపోయింది.

వెనక గడ పోయాక, ముందు గడ ఒక్కదానితో ఆగక, మంచం నీళ్ల ఇష్టం. గిర్రున తిరిగి, రైసుమిల్లు వెనక వంపులోకి పోయింది. అక్కడ కాలువ వెడల్పు, లోతు, నీళ్లు సుడి తిరుగుతాయి. మంచం కోడు ఒకటి ఒడ్డు రాయికి తగిలి ఒరిగింది. అందరం నీళ్లలో. నేనూ పంక్చరు దుకాణం అబ్బాయీ ట్యూబు పట్టుకుని వేలాడుతున్నాం. తమ్ముడు కనబడడం లేదు. తెల్లదుప్పటి మాత్రం ఉబ్బి నీళ్ల మీద తేలుతోంది. అంతసేపూ ఆడిన ఆట నిజమైపోయిందనుకున్నాను.

నా దోస్తు మునిగింది. లేచింది. మళ్లీ మునిగింది. ఈసారి వాడి జుట్టు పట్టుకుని లేచింది. వాడు ఆమె మెడకు చుట్టుకుంటుంటే ముఖం మీద ఒక్కటి చరిచి, ఈడ్చుకుంటూ ఒడ్డుకు తెచ్చింది. ఆ వంపు దగ్గరే, మిల్లు గోడ చివర.

అక్కడి నుంచి వాళ్ల ఇంటికి ఎక్కాలి. ఎక్కాలి అని ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, ఆ మిట్టకు మట్టిలో మెట్లు తవ్వి ఉండేవి, వానకు జారుతుంటే గడ్డి పట్టుకుని ఎక్కాం. వాళ్లమ్మ మమ్మల్ని చూసి "ప్రభువా" అని, ఇంకేమీ అడగకుండా తమ్ముడి బట్టలు విప్పి, తన చీర చుట్టి పొయ్యి ముందు కూర్చోబెట్టింది. జొన్నరవ్వ ఉడికించిన గట్క, పుంటికూర తొక్కు, అదే గోంగూర పచ్చడి, పెట్టింది. వేడివేడి గట్క మధ్యలో గుంట చేసి తొక్కు వేసి ఇచ్చింది. వాడు రెండుసార్లు అడిగి పెట్టించుకున్నాడు. "మీ ఇంట్లకు కాలువ రాదా అమ్మా?" అని నేను భయంగా అడిగితే నవ్వింది. "గీ మిట్టకా? నేను కాపురానికి వచ్చిన కాడి నుంచి ఏ వానకు రాలే బిడ్డా. కాలువ కిందుంటది, మేం మీదుంటం."

సాయంత్రానికి సంగతి తెలిసి మా అవ్వ వచ్చింది. మిట్ట ఎక్కలేదు. వాళ్ల వాకిట్లో అడుగు పెట్టే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు. కిందే నిలబడి అందుకుంది.

"ఏమే, నీ బిడ్డ మా మంచం ఎత్కపోయి, మా పోరగాండ్లను నీళ్లల్ల ముంచిందట! గింత ధైర్యమా మీకు?"

"అవ్వా! మంచం తెచ్చింది నేను! తమ్మున్ని బతికిచ్చింది గా పిల్లనే!" అని నేను గొంతు చించుకున్నాను.

"నువ్వు నోర్ముయ్. నిన్నెవలడిగిన్రు?"

నా దోస్తు తల్లి చేతులు జోడించి "తప్పైంది పటేలమ్మా" అంది. బతికించినందుకు తప్పైందట! నా దోస్తు గుంజ పట్టుకుని నిలబడి చూస్తోంది. అవ్వ మెట్లు దిగి వచ్చిన మా తమ్ముడి రెక్క పట్టి గుంజి, "ఆళ్లింట్ల ఏమన్న తిన్నవా?" అని అడిగింది.

"తినలే అవ్వా" అన్నాడు. మూతికి గట్క అంటుకుని ఉంది.

అందుకే నాకు అంత మంట. వాడికి అబద్ధం కొత్త కాదు. కానీ గట్క తినలేదన్న అబద్ధానికీ, కాలువ లేదన్న అబద్ధానికీ తేడా ఉంది. ఒకటి తిట్లతో పోయింది. రెండోదానికి ఇళ్లు పోతాయి.

మర్నాడు మీటింగుకు పోయాను. చల్లటి గాలి మిషన్లు, నేల మీద గ్రానైటు, వేదిక మీద ఎవరిదో పెళ్లికి కట్టిన పూలదండలు వాడిపోయి ఉన్నాయి. కాలువ మీద కుర్చీలు వేసుకుని కూర్చుని కాలువ ఎక్కడుండేది అని మాట్లాడుకోవడం నేను కళ్లారా చూశాను. నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టారు. మిట్ట వాళ్లు వెనక గోడ పొడుగునా నిలబడ్డారు.

"ఈ స్థలంలో కాలువ ఉండేదని ఎవరికైనా తెలుసా?" అని ఆఫీసరు అడిగాడు.

నా దోస్తు వెనక నుంచి అంది. "సార్, గీ హాలు కిందనే ఉండె. మా మిట్టకు ఎన్నడు నీళ్లు రాలే."

"ఆధారం ఉందా అమ్మా? అందరూ ఇట్లనే చెప్తరు. కూర్చో" అన్నాడాయన, తల ఎత్తకుండా. కూర్చోవడానికి వెనక కుర్చీలు లేవు.

నేను లేచాను. వెంటనే ఒకతను మైకు తెచ్చి చేతికిచ్చాడు. "మా అక్క సార్, పెద్ద టీచరు చేసి రిటైరైంది" అని తమ్ముడు నవ్వుతూ పరిచయం చేశాడు. తన పక్షాన మాట్లాడతాననుకున్నాడు.

"సార్, మా తమ్ముడు చిన్నప్పుడు ఒకసారి సచ్చిండు. యాడ సచ్చిండో సూపిస్త, రాండ్రి" అన్నాను.

అంతా చెప్పాను, మంచం, ట్యూబులు, దుప్పటి, పేలాలు. నవ్వులు మొదలయ్యాయి. వాడు లేచి, "అక్కా, చిన్నప్పటి ముచ్చట్లు గిక్కడెందుకు?" అన్నాడు.

"చిన్నప్పటిదే. నువ్వు పెద్దగైనంకనే కదరా కాలువ మాయమైంది?" అన్నాను. "ఎవలు నీ జుట్టు వట్టి గుంజిండ్రో గా మనిషి వెనక నిలబడ్డది. ఆమె ఇల్లు కూలగొట్టి నీ హాలు నిలవెట్టుకుంటవా?"

ఒక ముసలాయన కర్ర ఊతంతో లేచాడు. "అవ్ సార్. నేను కల్లు గీసేటోన్ని. పీనుగ పేలాలు తిన్నది నా కండ్లతోని సూసిన. మునిగింది గీడనే, గీ స్టేజి కాడ." ఆయన లేవగానే ఇంకొకాయన లేచాడు, తర్వాత ఒకామె. అందరికీ తెలుసు. ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు, వీళ్లూ చెప్పలేదు.

ఆఫీసరు కాగితాలు పక్కన పెట్టి, మత్తడి నుంచి మళ్లీ కొలవండి, అప్పటిదాకా మిట్ట ఇళ్లను ముట్టొద్దు అన్నాడు. అదే పూటకు టేపులు వచ్చాయి. రేపు ఏమవుతుందో నాకు తెలియదు. తమ్ముడు నా ముందు నుంచే ముఖం తిప్పుకుని పోయాడు.

బయటికి వచ్చి దోస్తు కోసం చూస్తే ఆమె అప్పటికే మిట్ట ఎక్కుతోంది. ఆయాసపడుతూ పోయి కలిశాను. సంతోషపడుతుందనుకున్నాను. ముఖం ఎర్రగా కందిపోయి ఉంది.

"ఏడాది సంది గదే మాట చెప్తున్న. నేను పోయిన, నా కొడుకు పోయిండు, నా కోడలు పోయింది. ఆధారమున్నదా, ఆధారమున్నదా అన్నరు. నువ్వొచ్చి ఒక్కపారి చెప్పినవ్, టేపులు వట్టుకోని ఉరికొచ్చిండ్రు."

"మరి చెప్పకుంటె ఎట్లనే?"

"చెప్పాలె. చెప్పద్దని అంటలే. నా ఇల్లు నిలవాలె. కని నాకు సంబురమైతలేదు, గది గూడ ఇను."

నిన్నటి నుంచి నా కోపమే పెద్దదనుకుంటున్నాను. ఆ రోజు కథను నేను ఇన్నేళ్లూ నవ్వుతూ చెప్పుకున్నాను. బడిపిల్లలకు చెప్పాను, కోడలికి చెప్పాను, మనుమరాలికి చెప్పాను. పీనుగ లేచి కూర్చున్న చోట అందరూ పొట్ట పట్టుకుని నవ్వుతారు. ఆమె ఎవరికైనా చెప్పిందా అని ఒక్కసారీ అడగలేదు. అప్పుడు అడిగాను, "నీ పిల్లలకు ఎన్నడన్న చెప్పినవా గా ముచ్చట?" అని.

ఆమె తలుపు గొళ్లెం తీస్తూ నా దిక్కు చూసింది.

"నేనెందుకు చెప్తనే? మా అమ్మ దండం వెట్టిన రోజు గది."